సీలియాక్ ఉన్న పాపతో అన్నవరం, అరకు ప్రయాణం: బయట ఏం తినిపించాలి?

సింధు_పాపతల్లి
మా పాపకు తొమ్మిదేళ్ళు. ఐరన్ సిరప్ ఎంత తాగించినా హిమోగ్లోబిన్ పెరగకపోతే చివరికి టీటీజీ అనే యాంటీబాడీల రక్తపరీక్ష, ఆ తర్వాత ఎండోస్కోపీ చేసి సీలియాక్ అనే పేగు జబ్బు అని చెప్పారు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం, వీటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడదు, జన్మలో ముట్టకూడదు, మందేమీ లేదు, తిండే మందు అన్నారు. ఇంట్లో బాగానే సర్దుకున్నాం. గోధుమ పిండి డబ్బా ఇంట్లోంచి వెళ్ళిపోయింది, మా ఆయనకు చపాతీ ఆఫీసు క్యాంటీన్లోనే.

గొడవంతా బయటే. ఆమధ్య విజయవాడ వెళ్తూ హైవే మీద ఒక పెద్ద హోటల్లో ఆగాం. గ్లూటెన్ లేనివి ఏమున్నాయి అని సర్వర్‌ని అడిగితే "అన్నీ ఫ్రెష్షే మేడం" అన్నాడు. ఇడ్లీ, సాంబారు, సాదా దోశ తిన్నది. రెండు గంటలు తిరక్కుండా వాంతులు, కడుపునొప్పి, రాత్రంతా జాగారం. మేనేజర్‌కి ఫోన్ చేస్తే "ఇడ్లీలో గోధుమ ఎందుకుంటుందండీ" అని నవ్వాడు.

ఇప్పుడు వచ్చే నెల అత్తగారి వైపు వాళ్ళమంతా కలిసి అన్నవరంలో వ్రతం చేయించుకుని, అట్నుంచి వైజాగ్, అరకు వెళ్తున్నాం. "మనం అన్నం తినేవాళ్ళం, గోధుమతో మనకేం పని" అని అందరూ ఒకటే మాట. నాకేమో ఇప్పట్నుంచే టెన్షన్. ఈ జబ్బుతో ఊళ్ళు తిరిగేవాళ్ళు ఏం తింటున్నారో చెప్పండి.

రైలుబండి_రాము
పెరుగన్నం. చర్చ ముగిసింది.

సింధు_పాపతల్లి
రాము గారూ, మూడు పూటలా పెరుగన్నం పెడితే అది నన్ను అన్నవరం కొండ మీదే వదిలేసి వస్తుంది.

ఢిల్లీ_తెలుగోడు
నాకూ సీలియాకే. ఢిల్లీలో ఉద్యోగం, ఊరు ఖమ్మం దగ్గర. విచిత్రం ఏంటంటే రొట్టెలు తినే ఢిల్లీలో నాకు ఇంత కష్టం లేదు, అన్నం తినే మన దగ్గరే ఎక్కువ. అక్కడ సుమారు నూటికి ఒకరికి ఈ జబ్బు ఉంటుందని సర్వేల్లో తేలింది. ఎయిమ్స్‌లో దీనికి ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. ఏ బంధువుల ఇంట్లోనో ఒక కేసు చూసి ఉంటారు, "గేహూ సే ఎలర్జీ" అంటే ఎదుటివాడికి వెంటనే అర్థమవుతుంది. దక్షిణాదిలో వెయ్యికి ఒకరు. మన హోటల్ వంట మాస్టర్లు జన్మలో విని ఉండరు, వాళ్ళ తప్పు కాదు.

గ్లూటెన్ అన్న మాటే ఎత్తకండి. వస్తువుల పేర్లు చెప్పండి: గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా. మన టిఫిన్లలో అసలు చిక్కు ఇడ్లీ కాదు. ఇడ్లీ రవ్వ బియ్యందే. ఆ పక్కన ఏం చేస్తున్నారన్నదే చిక్కు. రవ్వ దోశలో రవ్వా మైదా రెండూ ఉంటాయి, సాదా దోశా అదే పెనం మీద. ఎమ్మెల్యే పెసరట్టులో ఉప్మా. మైసూరు బజ్జీ అంతా మైదా, పూరీ గోధుమ, మినప గారెలు మాత్రం ఏ పాపం ఎరగవు కానీ వేగేది అదే మూకుట్లో. నూనె ఎంత కాగినా గ్లూటెన్ పోదు, అదేమన్నా క్రిమా చచ్చిపోవడానికి.

ఫ్రీబర్డ్_కిరణ్
ఈ గ్లూటెన్ ఫ్రీ అంతా అమెరికా ఫ్యాషన్ కదా? మా జిమ్‌లో సగం మంది ఇదే పాట. కొంచెం కొంచెం అలవాటు చేస్తే పిల్లలకు అదే పోతుంది.

ఢిల్లీ_తెలుగోడు
కిరణ్, మీ జిమ్ వాళ్ళది సరదా. ఇక్కడ ఒంట్లో రక్షణ వ్యవస్థే పేగు గోడ మీద దాడి చేస్తుంది. తిన్నది ఒంటపట్టదు. రక్తం తగ్గుతుంది, ఎముకలు బలహీనపడతాయి, పిల్లలైతే ఎదుగుదల ఆగిపోతుంది. కొంచెం కొంచెం అలవాటు చేస్తే పోదు, ముదురుతుంది. పైగా తిన్న ప్రతిసారీ బయటికి లక్షణం కనిపించాలని కూడా లేదు.

ఫ్రీబర్డ్_కిరణ్
సరే సరే, తెలియక అడిగా. మా చెల్లికి కూడా ఐరన్ ఎప్పుడూ తక్కువే. గోధుమ మానిపించి చూస్తే తెలుస్తుందా?

ఢిల్లీ_తెలుగోడు
మానిపించి కాదు, తింటూ ఉండగానే పరీక్ష చేయించండి. మానేస్తే రక్తంలో ఆ యాంటీబాడీలు తగ్గిపోయి రిపోర్టు శుభ్రంగా వస్తుంది, జబ్బు అలాగే ఉంటుంది. ఐరన్ తగ్గడానికి వంద కారణాలు ఉంటాయి, డాక్టరు చెప్పిన వరసలో వెళ్ళండి.

పెనం_మాస్టర్
నేను హోటల్ మాస్టర్నే. రాజమండ్రిలో మొదలుపెట్టి ఇప్పుడు హైదరాబాద్‌లో దోశ సెక్షన్. లోపల జరిగేది చెప్తాను, తిట్టుకోకండి.

పెనం ఎలా శుభ్రం చేస్తామో చూసే ఉంటారు. నీళ్ళు చల్లి చీపురు కట్టతో ఊడుస్తాం. రవ్వ దోశ తర్వాతా అదే చీపురు, సాదా దోశ తర్వాతా అదే చీపురు. రద్దీ టైములో పెనం కడగమంటే ఏ మాస్టరూ కడగడు. ఊ అంటాడు, కడగడు. అందుకని పొద్దున్నే రండి, షట్టర్ ఎత్తిన అరగంటలోపు. అప్పుడు పెనం తోమి ఉంటుంది, నూనె కొత్తది, మనిషికి ఓపిక కూడా ఉంటుంది. పదకొండింటికి వచ్చి అడిగితే మీకు దొరికేది నవ్వే.

రెండోది, సర్వర్‌కి చెప్పకండి. వాడు లోపలికొచ్చి "ఏడో టేబుల్ స్పెషల్" అని అరుస్తాడు, అంతే. దోశ కౌంటర్ దగ్గరకొచ్చి మాస్టర్‌కి మొహం చూసి చెప్పండి. పాపను చూపించండి. పిల్లని చూస్తే ఎవడికైనా చెయ్యి ఆగుతుంది.

పునుగుల జోలికి పోవద్దు. పొంగడానికి పిండిలో మైదా కలుపుతాం. కుర్మా, గ్రేవీ కూరలు చిక్కదనానికి ఒక్కోచోట మైదా నీళ్ళు పోస్తారు. మీల్స్ అయితే అన్నం కంటే ముందు ఆకులో చపాతీయో పూరీయో వేసేస్తారు. కూర్చోగానే వద్దని చెప్పాలి, వేశాక తీసేస్తే లాభం లేదు.

గుంటూరు_మిర్చి
చీపురు సంగతి రోజూ చూస్తూనే ఉన్నాను కానీ ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు 😬

అన్నపూర్ణ_కాకినాడ
అందరూ అసలుది మర్చిపోయారు. ఇంగువ! డబ్బా ఇంగువలో సగానికి సగం పిండే ఉంటుంది. ఒక కంపెనీ మైదా, ఇంకొకటి బియ్యప్పిండి, దాంతోపాటు గోందు. ముద్ద ఇంగువ అయినా అంతే, లేబుల్ చదవాల్సిందే. సాంబారు, రసం, పులిహోర, కొన్నిచోట్ల చట్నీ తాలింపు, అన్నిట్లో ఇంగువే. మీ పాపకు దెబ్బకొట్టింది సాంబారే అని నా అనుమానం.

లెక్కల_మాస్టారు
అన్నపూర్ణ గారి భయం అర్థమైంది కానీ లెక్క వేసి చూద్దాం. ఒక గ్రాము ఇంగువ పొడిలో సగం మైదా అనుకుందాం. మైదాలో గ్లూటెన్ సుమారు పదో వంతు. అంటే 50 మిల్లీగ్రాములు. అది పది లీటర్ల సాంబారులో కలిస్తే లీటరుకు 5 మిల్లీగ్రాములు. గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయడానికి మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. పాప తాగే కప్పు 200 మిల్లీలీటర్లు అనుకుంటే లోపలికి పోయేది 1 మిల్లీగ్రాము. రోజంతా కలిపి 10 లోపు ఉంటే చాలామందికి హాని కనపడలేదని పరిశోధనలు చెప్తున్నాయి. రోజూ 50 చొప్పున మూడు నెలలు తిన్నవాళ్ళలో మాత్రం పేగు దెబ్బతిన్నట్టు తేలింది. ఒక బ్రెడ్డు ముక్కలోనే 2000 పైన ఉంటుంది. కాబట్టి సాంబారు కంటే ఆ రవ్వ దోశ పెనమే పెద్ద దొంగ.

పెనం_మాస్టర్
మాస్టారూ, పది లీటర్లకి గ్రామా? 😂 మా దగ్గర నలభై లీటర్ల గిన్నెకి చారెడు ఇంగువ పడుతుంది. తూకం రాళ్ళు పెట్టుకుని ఎవడూ వెయ్యడు. తాలింపులో ఒకసారి, వాసన రావాలని దించేముందు ఇంకోసారి.

లెక్కల_మాస్టారు
చారెడు అంటే 40 గ్రాములు వేసుకుందాం. లీటరుకు ఒక గ్రాము ఇంగువ, అంటే 50 మిల్లీగ్రాముల గ్లూటెన్. కప్పుకు 10. రెండో కప్పు పోయించుకుంటే 20. సరే, నా లెక్క మీ గుప్పెట్లో కొట్టుకుపోయింది. సాంబారు వద్దు.

రైలుబండి_రాము
చారెడు అనే కొలత వల్ల ఒక శాస్త్రీయ చర్చ మూతపడటం ఇదే మొదటిసారి.

అన్నపూర్ణ_కాకినాడ
నేను చెప్పలేదూ!

నర్స్_నళిని
ఒక్క మాట. ప్రతి వాంతీ గ్లూటెన్ వల్లే అనుకోవద్దు. ఎండల్లో హైవే హోటల్లో కొబ్బరి చట్నీ పులిసి ఉండొచ్చు, అదీ రెండు మూడు గంటల్లోనే బయటపడుతుంది. అలాంటప్పుడు ఓఆర్ఎస్ పాకెట్లు దగ్గర ఉంచుకోండి. ఎక్కువైతే డాక్టరుకి చూపించండి, "మామూలే, గోధుమ తగిలింది" అని ఇంట్లో కూర్చోవద్దు. ఇంకోటి, పాపకు వచ్చింది కాబట్టి తోడబుట్టినవాళ్ళకు, అమ్మానాన్నలకు కూడా ఆ రక్తపరీక్ష చేయించాలి. చేయించారా?

సింధు_పాపతల్లి
బాబుకు చేయించాం, లేదు. మా ఇద్దరిదీ బాకీ. సూది అంటే మా ఆయన పాప కంటే ఎక్కువ భయపడతాడు.

రత్నగిరి_భక్తుడు
అన్నవరం సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? స్వామివారి ప్రసాదమే గోధుమ నూక, నెయ్యితో చేస్తారు. రాష్ట్రం మొత్తం పేరుపడ్డ ప్రసాదం. వ్రతంలో నైవేద్యం కూడా గోధుమ రవ్వదే చేస్తారు. మరి పాప సంగతి?

సింధు_పాపతల్లి
అదే నా అసలు భయం. మా అత్తగారు ఇప్పటికే అన్నారు, "ప్రసాదం ఔషధం లాంటిది, చిటికెడు నోట్లో వేస్తే ఏమవుతుంది" అని. గట్టిగా అంటే ఆవిడ నొచ్చుకుంటారు, అనకపోతే పాపకి ఇబ్బంది.

రైలుబండి_రాము
ఆ ఘుమఘుమకి పాప ఆగుతుందా అని అడగండి ముందు. నేనైతే ఆగను.

అత్తగారు_ఆన్‌లైన్
నేను అత్తగారినే, నాకూ ఈ జబ్బున్న మనవడు ఉన్నాడు. సింధూ, నువ్వు చెప్తే ఆవిడకి ఎక్కదమ్మా. కోడలు చెప్తే అది కోడలి మాట, డాక్టరు చెప్తే వైద్యం. ఈసారి చెకప్‌కి ఆవిడని కూడా తీసుకెళ్ళు. నువ్వు నోరు విప్పకు, డాక్టర్నే చెప్పనీ. ఆ తర్వాత ఆవిడకి పని అప్పగించు: "పాప తిండి బాధ్యత మీదే అత్తయ్యా" అను. ఇంగువ లేని పులిహోర ఆవిడే కలుపుతుంది, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, ఇంక ఎవరి గరిటె అందులో పడనిస్తుందో చూడు.

ప్రసాదం అంటావా, కళ్ళకద్దుకుని వాళ్ళ నాన్నకి ఇస్తుంది. స్వామికి పెట్టిన అరటిపండూ ప్రసాదమే, కొబ్బరి చెక్కా ప్రసాదమే. అవి పాప చేతిలో ముందే పెట్టేయండి. చేతులు ఖాళీగా ఉంటేనే అందరూ ఏదో ఒకటి పెడతారు.

గుంటూరు_మిర్చి
"కోడలు చెప్తే అది కోడలి మాట" 🙏 ఈ అత్తగారిని మా ఇంటికి పంపండి ఎవరైనా.

రత్నగిరి_భక్తుడు
అత్తగారి మాటే నా మాట. పత్రం పుష్పం ఫలం తోయం అన్నారు, గోధుమ నూక అని అనలేదు.

రైలుబండి_రాము
నా దగ్గర బ్రహ్మాండమైన ఐడియా ఉంది. జబ్బు అని చెప్పకండి, మొక్కు అని చెప్పండి. "పాపకు గోధుమ మొక్కు, మండలం రోజులు ముట్టదు" అంటే మాస్టర్ పెనాన్ని పసుపు నీళ్ళతో కడిగి వేస్తాడు. మన దగ్గర రోగానికి లేని గౌరవం దీక్షకు ఉంది.

ఢిల్లీ_తెలుగోడు
నవ్వులాటగా అన్నా అందులో నిజం ఉంది. ఉత్తరాదిలో నవరాత్రుల్లో నేను రాజాలా తిరుగుతా. ఆ రోజుల్లో చాలా హోటళ్ళలో వ్రత్ థాలీ పెడతారు, గోధుమ, బియ్యం ఏవీ ఉండవు: సగ్గుబియ్యం కిచిడీ, కుట్టు (బక్‌వీట్) పిండి పూరీలు, ఊదలు, ఆలుగడ్డ కూర. వంట కూడా వేరుగా చేస్తారు, ఎంగిలి మైల అనుకుంటారు కాబట్టి. కుట్టు పిండి మాత్రం విడిగా కొన్నదైతే నేను నమ్మను, మరలో గోధుమ తర్వాతే అదీ ఆడిస్తారు.

పెనం_మాస్టర్
మొక్కు అంటే ఇంకో గొడవుంది. "చిన్నపిల్లే కదా, దేవుడేమీ అనుకోడులే" అని మనమే మినహాయింపు ఇచ్చేస్తాం. ఆస్పత్రి, వాంతులు అనండి, భయపడతాం. భయపడితేనే గిన్నె కడుగుతాం.

జొన్నరొట్టె_జంగయ్య
జొన్న రొట్టె ఎవరికీ గుర్తు రాలేదా? సాయంత్రమైతే హైదరాబాద్‌లో గల్లీకొక బండి. షుగర్ ఉన్నోళ్ళంతా అక్కడే. జొన్న, సజ్జ, రాగి వేటిలోనూ గోధుమ లేదు.

అన్నపూర్ణ_కాకినాడ
జొన్నలో లేదు, బండిలో ఉంది. రొట్టె విరగకుండా గోధుమ పిండి కలిపేవాళ్ళు ఉన్నారు. పక్కనే చపాతీలు, అదే పీట, అదే పొడి పిండి. ఎదురుగా నిలబడి చూసి, చేత్తో తట్టి చేసేవాళ్ళ దగ్గరే తినాలి. కర్రతో ఒత్తుతున్నారంటే నాకు అనుమానమే.

జొన్నరొట్టె_జంగయ్య
మా వీధి అవ్వ చేత్తోనే కొడుతుంది. మీ అనుమానం ఆమెకి చెప్తే కర్రతో నన్ను కొడుతుంది.

అన్నపూర్ణ_కాకినాడ
అంటే కర్ర ఉందన్నమాట!

జొన్నరొట్టె_జంగయ్య
పొయ్యిలో కట్టెలు సర్దే కర్ర అక్కా 😭

లెక్కల_మాస్టారు
గిర్నీ సంగతి కూడా చూసుకోండి. ఇంటికి తెచ్చుకునే బియ్యప్పిండి, శెనగపిండి కూడా గోధుమలు ఆడించిన మరలోనే ఆడితే ముందు వచ్చే పిండిలో గోధుమ ఉంటుంది. మా ఇంట్లో చిన్న పిండి మర కొనేశాం.

హాస్టల్_హరి
నాది వేరే కేసు. పుణెలో చదువు, నాకు పదోక్లాసులో తేలింది. ఫ్రెండ్స్‌తో ఎక్కడికెళ్ళినా నా కోసం వాళ్ళ ప్లాన్ మారకూడదనుకుంటాను, అందుకే బ్యాగులో ఒక చిన్న కరెంటు కుక్కర్ ఉంటుంది. రూములో అన్నం, అందులో కందిపొడి నెయ్యి, లేకపోతే గుడ్లు. రూములో వండకూడదనే హోటళ్ళుంటాయి, ముందే ఫోన్ చేసి అడగాలి.

హైదరాబాద్ వచ్చినప్పుడు జనం హలీమ్ తినమని చంపుతారు. అది పూర్తిగా గోధుమే, మాంసంతో కలిపి మెత్తగా రుబ్బుతారు. డబుల్ కా మీఠా బ్రెడ్డు. ఖుబానీ కా మీఠా ఫర్వాలేదు, ఆప్రికాట్లు పంచదారే. బిర్యానీలో బియ్యం, మాంసమే కానీ దమ్ము పెట్టేటప్పుడు మూత చుట్టూ గోధుమ పిండి ముద్ద అంటిస్తారు. అంచున తీయకుండా మధ్యలోంచి పెట్టమని నేను అడుగుతాను. మంచూరియా, చికెన్ 65 అసలొద్దు. మైదా ఒకటి, సోయా సాస్ ఇంకొకటి. సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని నాకు తెలిసింది ఒక చైనీస్ రెస్టారెంట్ బాటిల్ వెనకాల చదివాకే.

గుంటూరు_మిర్చి
హలీమ్ లేని రంజాన్ నెలా. ఆ కుర్రాడికి చేతులెత్తి దండం.

బుల్లెట్_బాబి
నెట్‌లో గ్లూటెన్ అరిగించే ఎంజైమ్ మాత్రలు అమ్ముతున్నారు కదా. ప్రసాదం ముందు ఒకటి వేస్తే సరిపోతుంది. నా ఫ్రెండ్ వాడతాడు, పిజ్జా కూడా తింటాడు.

నర్స్_నళిని
దయచేసి వద్దు. ఆ మాత్రలు సీలియాక్ ఉన్నవాళ్ళకు రక్షణ కాదు. కడుపులో కొంత గ్లూటెన్ విరిగినా మిగిలింది పేగుకి చేరుతుంది, దెబ్బ కొట్టడానికి ఆ మిగిలిందే చాలు. మీ ఫ్రెండ్‌కి సీలియాక్ ఉందో, గోధుమ తింటే గ్యాస్ వస్తుందో ముందు కనుక్కోండి.

మోడరేటర్
మాత్రల లింకులు పెట్టిన పోస్టులు తీసేశాం. ప్రయాణం, తిండి విషయాలు కొనసాగించండి.

డాలస్_పద్మ
ఇక్కడ మా అబ్బాయికి ఉంది. అమెరికాలో మెనూ మీద పెద్దక్షరాలతో రాస్తారు కాబట్టి సుఖం అనుకుంటారు. "గ్లూటెన్ ఫ్రెండ్లీ" అని రాసి ఉంటే నమ్మొద్దు, పదార్థాల్లో లేదు కానీ వంటగదికి హామీ లేదు అని దానర్థం. ప్యాకెట్ల మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటేనే 20 పీపీఎం (కిలోకు 20 మిల్లీగ్రాములు) హద్దు. మాకు బయట బాగా కలిసొచ్చింది మెక్సికన్ తిండి: మొక్కజొన్న టోర్టిల్లా, అన్నం, రాజ్మా. గ్లవ్స్ మార్చమని అడుగుతాం, మారు మాట్లాడకుండా మారుస్తారు. మన తెలుగు రెస్టారెంట్లలోనే ఇబ్బంది. "అక్కా, మన దోశే కదా" అంటారు 🙂

విమానంలో వస్తుంటే టికెట్‌తోపాటే జీఎఫ్ఎమ్ఎల్ అనే గ్లూటెన్ లేని భోజనం ఎంచుకోండి. ప్రయాణానికి కనీసం ఒక రోజు ముందు చెప్పాలి, కొన్ని ఎయిర్‌లైన్స్‌కి రెండు రోజులు. వచ్చిన ట్రేలో పండ్ల ముక్కలు తప్ప రుచైనది ఉండదు, పైగా పొరపాటున పక్కనే మామూలు బన్ను పెట్టేవాళ్ళూ ఉన్నారు. తిండి చేతిలో పెట్టుకునే ఎక్కుతాం మేము.

లెక్కల_మాస్టారు
ఇటలీ వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పాస్తా దేశంలో ఈ రోగులు ఎలా బతుకుతారో అని ఎప్పుడూ సందేహం.

డాలస్_పద్మ
అందరికంటే బాగా బతుకుతారు! మేం రోమ్, ఫ్లోరెన్స్ తిరిగాం. అక్కడ సీలియాక్ అంటే వెయిటర్‌కి కూడా తెలుసు. వాళ్ళ సీలియాక్ సంఘం రెస్టారెంట్లకు శిక్షణ ఇచ్చి జాబితా పెడుతుంది. రోగులకు గ్లూటెన్ లేని సరుకుల కోసం ప్రభుత్వం నెలనెలా డబ్బు ఇస్తుంది, మందుల షాపుల్లో కూడా పాస్తా, బిస్కెట్లు దొరుకుతాయి. "సెన్జా గ్లూటినే" అన్న రెండు మాటలు వస్తే చాలు. మా వాడు ఆ ప్రయాణంలో తిన్నంత పిజ్జా మళ్ళీ తినలేదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2014 చివరి నుంచి హోటళ్ళు పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాల వివరం చెప్పి తీరాలి.

జపాన్ మాత్రం అన్నం దేశం అని నమ్మి వెళ్ళకండి. అన్నిట్లో సోయా సాస్, మంచినీళ్ళకు బదులు బార్లీ టీ పోస్తారు.

హాస్టల్_హరి
మన దగ్గరా రూలు ఉంది. పది, అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటల్ చెయిన్లు మెనూలో అలర్జీ వివరం ఇవ్వాలి. అడిగితే కౌంటర్ కింద నుంచి ఒక లామినేషన్ కాగితం తీస్తారు, దుమ్ము దులిపి మరీ.

ఫ్రీబర్డ్_కిరణ్
హార్లిక్స్, బూస్ట్ సంగతి? పిల్లల కోసం ప్రయాణాల్లో అవే కదా అందరూ మోసేది.

ఢిల్లీ_తెలుగోడు
గోధుమ, బార్లీ మాల్ట్. రెండూ వద్దు. చాలా కార్న్‌ఫ్లేక్స్‌లో కూడా మాల్ట్ ఉంటుంది, పేరుకే మొక్కజొన్న. కిరణ్, మంచి ప్రశ్న అడిగావు, జిమ్ పాపం పోయింది.

అన్నపూర్ణ_కాకినాడ
సింధు గారూ, మూట కట్టుకోవడానికి మన దగ్గర ఎన్ని లేవు. అరిసెలు, సున్నుండలు, సకినాలు, చెక్కలు, బియ్యప్పిండి జంతికలు, పోపు వేసిన అటుకులు. కొన్నవి కాదు, ఇంట్లో కొత్త నూనెలో చేసినవి. మా గోదావరి మీదుగా వెళ్తారుగా, ఆత్రేయపురం పూతరేకులు బియ్యంతోనే, పాపకు అవి ఇప్పించండి. కాకినాడ కాజా, తాపేశ్వరం మడత కాజా మైదా, వాటి వైపు చూడనివ్వకండి. మా ఊరి కాజాని నేనే వద్దంటున్నాను, గుర్తుంచుకోండి.

రైలుబండి_రాము
కాకినాడ మనిషి కాజా వద్దందంటే కేసు సీరియస్సే.

పెనం_మాస్టర్
నిన్న డ్యూటీ అయ్యాక కూర్చుని రాశాను. ఇది ప్రింటు తీసి మాస్టర్ చేతికివ్వండి. మేం చదివేలా రాశాను.

"మా పాపకు గోధుమ పడదు. కొంచెం తగిలినా ఆస్పత్రి పాలవుతుంది. గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమియా, బ్రెడ్డు పొడి, బార్లీ, సోయా సాస్, ఇంగువ వేసినవి వద్దు. పూరీ, బజ్జీ, పునుగులు వేగిన నూనెలో వేయించినవి వద్దు. దోశ వేస్తే పెనం కడిగి, వేరే అట్లకాడతో వేయండి. చీపురు వాడొద్దు. అన్నం, ఇడ్లీ, ఇంగువ లేని పప్పు, పెరుగు, నెయ్యి, ఉడికించిన గుడ్డు పెట్టొచ్చు. వీలుకాకపోతే కాదని చెప్పండి, ఏమీ అనుకోం."

ఆఖరి మాట తీసేయకండి. కాదనే దారి ఇస్తేనే నిజం చెప్తాం.

సింధు_పాపతల్లి
మాస్టర్ గారూ, ఇంతకంటే ఏం కావాలి. లామినేషన్ చేయిస్తున్నాను, పది కాపీలు. పాప మెళ్ళో కట్టాలా అని మా ఆయన అడుగుతున్నాడు.

నర్స్_నళిని
మెళ్ళో వద్దు కానీ పాపకి చదివి వినిపించండి. తొమ్మిదేళ్ళంటే "ఇందులో మైదా ఉందా ఆంటీ" అని తనే అడగగలదు. పెద్దవాళ్ళు అడిగిన దానికంటే పిల్లలు అడిగితే జనం త్వరగా వింటారు.

డాలస్_పద్మ
మీ వైజాగ్ బంధువుల ఇల్లు మర్చిపోకండి. హోటల్ కంటే అదే కష్టం. హోటల్లో వద్దనొచ్చు, పిన్నిగారింట్లో బొబ్బట్లు చేసి ఎదురుచూస్తుంటే ఎలా వద్దంటారు? ముందు రోజే ఫోన్ చేసి "పాపకు అన్నం, ఇంగువ లేని ముద్దపప్పు, నెయ్యి చాలు, విడి గిన్నెలో ఉడికించండి" అని ఒక్క వంటకమే చెప్పండి. వద్దన్నవాటి జాబితా చదివితే ఎవరికీ గుర్తుండదు.

సింధు_పాపతల్లి
ఆఖరి సందేహం. అరకులో బొంగు చికెన్ తినొచ్చా? పాప దానికోసమే ఈ ప్రయాణానికి ఒప్పుకుంది.

వైజాగ్_వెంకట్
వెదురు బొంగులో చికెన్, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, మసాలా పట్టించి ఆకులతో మూత బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె కూడా వెయ్యరు. పిండితో పనే లేదు. చూసుకోవాల్సింది మసాలా ఒక్కటే. కొన్ని బళ్ళ దగ్గర ముందే కలిపి పెట్టిన చికెన్ ఉంటుంది, అందులో ఏం పడిందో తెలియదు. ఉదయాన్నే వెళ్ళి మీ ముందే ఉప్పు కారం కలపమనండి, కాదనరు. బొంగు ఎప్పటికప్పుడు కొత్తదే కాబట్టి గిన్నె కడిగారా లేదా అన్న బాధ లేదు. అక్కడే పకోడీ బళ్ళు కూడా ఉంటాయి, ప్లేటు వాళ్ళది తీసుకోకుండా మీ స్టీలు పళ్ళెం ఇవ్వండి.

ఢిల్లీ_తెలుగోడు
నేను అరకులో తిన్నాను, ఏమీ కాలేదు. రైల్లో వెళ్తుంటే మాత్రం లోపల అమ్మే సమోసా, కట్‌లెట్ల దగ్గర పాపను కిటికీ వైపు కూర్చోబెట్టండి.

రైలుబండి_రాము
ఆ రైల్లో ఎవరైనా కిటికీ వైపే కూర్చుంటారు, సొరంగాలు చూడ్డానికి. సింధు గారూ, పులిహోర గిన్నె మీ అత్తగారి ఒళ్ళో ఉంటుంది కదా, ఏ కోచ్‌లో ఎక్కుతున్నారో చెప్పండి.